టైరు ఒక పక్కే అరుగుతుంటే తప్పు అలైన్‌మెంట్‌దేనా?

కారు టైరు లోపలి అంచు నున్నగా అయిపోయిందని ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే: "వెళ్ళి అలైన్‌మెంట్ చేయించు." అంటే చక్రాలు నిలబడే కోణాల్ని కొలిచి సరిచేయించడం. చేయిస్తాం. మెషీన్ తెర మీద గడులన్నీ పచ్చగా వెలుగుతాయి, చేతికి ఒక కాగితం వస్తుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక చూస్తే కొత్త టైరు కూడా అదే అంచున అరిగి ఉంటుంది. అప్పుడు మెకానిక్ మీద అనుమానం, లేదంటే టైరు కంపెనీ మీద కోపం. చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు. మెషీన్ కొలిచేది నిలబడి ఉన్న బండిని. టైరు మీద పడేది పరిగెడుతున్న బండి గుర్తు. ఈ రెండూ పొసగకపోతే నేను టైరు మాటే నమ్ముతాను. తేడా ఎక్కడ వస్తోందో వెతకడానికి టైరుతోనే మొదలుపెట్టాలి.

ముందుగా చూడాల్సింది, రాసుకోవాల్సింది

బండిని చదునైన నేల మీద ఆపి స్టీరింగ్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పితే ముందు టైరు వెడల్పంతా కనిపిస్తుంది. తర్వాత రెండో పక్కకి. వెనక టైర్లకి ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఫోన్‌ని టైరు వెనక్కి పెట్టి వీడియో తీసుకోవడం తేలిక. ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. కానీ లోపలి అంచు అరుగుదల అంత ప్రమాదం కావడానికి కారణమే అది కంటికి ఆనకపోవడం. పక్కన నిలబడి చూసేవాళ్ళకి గాడులు లోతుగానే కనిపిస్తాయి. లోపలి వైపు మాత్రం రబ్బరు పోయి తీగలు బయటపడి ఉంటాయి. తీగలు కనిపించిన టైరుకి ఇక ఏ పరీక్షా అక్కర్లేదు. స్పేర్ చక్రం ఎక్కించి దాన్ని పక్కన పడేయాలి.

ట్రెడ్, అంటే నేలకి తగిలే గాడుల రబ్బరు, లోతు కొలిచే చిన్న గేజ్ ఒకటి కొనుక్కుంటే అనుమానాలు అంకెలుగా మారతాయి. కొత్త కారు టైరులో గాడి లోతు సాధారణంగా 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు మెట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు మార్చాలని లెక్క. అయితే ఆ మెట్లు ఉండేది ప్రధాన గాడుల్లో. అంచున మాత్రమే అరుగుతున్న టైరులో అవి చివరిదాకా "ఇంకా చాలా ఉంది" అనే చెబుతాయి. అందుకని ప్రతి టైరునీ లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి అని మూడు చోట్ల కొలవాలి. చక్రం కొంచెం తిప్పి మళ్ళీ అవే మూడు చోట్ల. వెడల్పు మీద తేడా వస్తే ఒక రకం సమస్య, చుట్టూ తిరిగేకొద్దీ తేడా వస్తే ఇంకో రకం సమస్య. ఈ ఒక్క విభజనతోనే సగం అనుమానాలు తేలిపోతాయి.

కొలిచిన అంకెలు ఏ టైరువో, ఆ టైరు ఏ మూలదో రాసుకున్నాకే రొటేషన్ చేయించండి. టైర్ల స్థానాలు మార్చడం మంచి అలవాటే. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చమని చాలామంది తయారీదారులు చెబుతారు. చిక్కు ఏమిటంటే, ముందు ఎడమ చక్రం దగ్గరున్న లోపం గుర్తు ఆ టైరుతో పాటు వెనక్కి వెళ్ళిపోతుంది. మూడు నెలల తర్వాత చూసినవాళ్ళు వెనక సస్పెన్షన్‌ని తప్పుపడతారు. అరుగుదల చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న "ఈ టైరు ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?" అన్నదే.

గాలి సంగతి త్వరగా తేల్చేద్దాం

గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్య భాగం అరుగుతాయని అందరూ విన్నదే. అది నిజమే గానీ రెండు సవరణలు ఉన్నాయి. ఒకటి, ఇప్పుడు కార్లకి వాడే రేడియల్ టైర్లలో ట్రెడ్ కింద ఉక్కు బెల్టులుంటాయి, అవి ట్రెడ్‌ని చదునుగా పట్టి ఉంచుతాయి. కాబట్టి గాలి కొంచెం ఎక్కువైనంత మాత్రాన పాత క్రాస్‌ప్లై టైర్లలోలా మధ్యలో గుండు పడదు. రెండు, ముందు టైర్లు రెండు అంచులా అరిగి వెనకవి సమంగా ఉంటే అది గాలి లోపమే అని తీర్మానించకూడదు. మలుపులు తిప్పేది, బ్రేకు భారం ఎక్కువగా మోసేది ముందు టైర్లే. ఊళ్ళో మలుపులే ఎక్కువగా తిరిగే బరువైన బండికి గాలి సరిగ్గా ఉన్నా అలా జరుగుతుంది. రౌండ్‌అబౌట్‌లు ఎక్కువున్న దారుల్లో రోజూ తిరిగితే, మలుపుకి బయటి పక్కనుండే ముందు టైరు బయటి అంచు మరింత ముందుగా పోతుంది.

గాలి చూసేది బండి కనీసం మూడు గంటలు నిలబడి చల్లబడ్డాకే. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే ద్వారం పక్కన అతికించిన స్టిక్కర్ చెబుతుంది. టైరు గోడ మీద అచ్చువేసిన అంకె ఆ టైరుకి గరిష్ఠ పరిమితి, మన బండికి కావలసిన ఒత్తిడి కాదు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే గాలి ఒత్తిడి సుమారు 1 నుంచి 2 పీఎస్‌ఐ తగ్గుతుంది, కాబట్టి కాలం మారినప్పుడు ఒకసారి చూసుకోవాలి. గాలి గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

టో, క్యాంబర్: రెండింటి గుర్తులూ వేరు

బండిని ఆకాశం నుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. ముందు చక్రాల రెండు ముక్కులూ కొంచెం లోపలికి తిరిగి ఉంటే టో ఇన్, బయటికి తిరిగి ఉంటే టో అవుట్. ఇప్పుడు బండికి ఎదురుగా నిలబడి చూడండి. చక్రం పైభాగం బండి వైపు వాలి ఉంటే నెగటివ్ క్యాంబర్, బయటికి వాలితే పాజిటివ్. ఈ రెండు కోణాలే టైరుని అరగదీసేవి. క్యాస్టర్ అని ఇంకో కోణం ఉంది: స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ ఇరుసు మీద కుడి ఎడమలకి తిరుగుతుందో అది పక్కనుంచి చూస్తే ఎంత వెనక్కి వాలి ఉందన్నది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం, బండి తిన్నగా పోవడం దాని మీద ఆధారపడతాయి. టైరు అరుగుదలలో దాని పాత్ర చాలా తక్కువ.

అన్నిటికంటే రబ్బరు తినేది టో. ఎంత తింటుందో చిన్న లెక్క వేయొచ్చు. టైరు వ్యాసం 600 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు చక్రాల మధ్య ముందు కొలతకీ వెనక కొలతకీ తేడా ఉండాల్సినదానికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువైంది. అంటే ఒక్కో చక్రానికి 1.5 మిల్లీమీటర్లు, డిగ్రీల్లో 0.14. కంటికి కనిపించే తేడానే కాదు. కానీ చక్రం చూస్తున్న దిశ ఒకటి, బండి పోతున్న దిశ ఇంకొకటి కాబట్టి ప్రతి కిలోమీటరుకీ ఆ టైరు 2.5 మీటర్లు అడ్డంగా జరగాలని చూస్తుంది. 10,000 కిలోమీటర్లకి అది 25 కిలోమీటర్లు. ఇదంతా రోడ్డు మీద గీసుకుపోవడం కాదు. రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది, మిగతాది నేల వదిలే చోట జారుతుంది. ఆ జారినప్పుడే అరుగుదల.

జారుడు అడ్డంగా కాబట్టి టో గుర్తు చేతికి తెలుస్తుంది. బండి ఆపి, చక్రం చల్లబడ్డాక, అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకి నెమ్మదిగా జరపండి. తర్వాత అటునుంచి ఇటు. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపం పళ్ళలా గరుగ్గా తగిలితే టో తప్పింది. బయటినుంచి లోపలికి నున్నగా, లోపలినుంచి బయటికి గరుగ్గా ఉంటే టో ఇన్ ఎక్కువ. దానికి తిరగబడితే టో అవుట్. టైరులో తీగలు బయటపడి ఉన్నాయేమో చూశాకే చేయి పెట్టండి, అవి కోసుకుంటాయి. లోతు గేజ్‌కి తేడా దొరకడానికి ఎంతో ముందే ఈ గరుకు చేతికి దొరుకుతుంది. నా లెక్కలో ఇంట్లో చేసుకునే పరీక్షలన్నిటిలోకీ విలువైనది ఇదే.

ఇంకో సంగతి చాలామంది మెకానిక్‌లకి తెలుసు గానీ చెప్పరు. ముందు చక్రాలు రెండూ ఒకే స్టీరింగ్‌కి కట్టి ఉంటాయి. ఎడమ చక్రం ఒక్కదాని టో తప్పినా, బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ కొంచెం వంకరగా కూర్చుని, ఆ తప్పుని రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి. కాబట్టి టో వల్ల వచ్చే అరుగుదల ముందు టైర్లు రెండింటి మీదా దాదాపు ఒకేలా ఉండాలి. ఒక టైరు మాత్రమే ఒక అంచున పోయి రెండోది శుభ్రంగా ఉంటే, టో సరిచేయించి ఇంటికి వచ్చేయడం తొందరపాటే. ఆ మూలలో క్యాంబర్ చెడింది, లేదా ఏదో వంగింది, ఊడింది.

క్యాంబర్ అరుగుదల దీనికి భిన్నంగా నున్నగా ఉంటుంది. వాలిన చక్రం ఒక అంచు మీద ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి ఆ అంచు ఏటవాలుగా తగ్గుతూ పోతుంది, రంపం పళ్ళలాంటి గరుకు ఉండదు. అయితే క్యాంబర్‌ని చూసి మరీ భయపడక్కర్లేదు. ఎన్నో కార్లకి, ముఖ్యంగా వెనక చక్రాలకి, మలుపుల్లో పట్టు కోసం తయారీలోనే డిగ్రీ, డిగ్రీన్నర నెగటివ్ క్యాంబర్ ఇస్తారు. టో సరిగ్గా ఉన్నంతకాలం అవి అరిగే వేగం పెద్దగా బాధించదు. నెగటివ్ క్యాంబర్‌కి టో అవుట్ తోడైతేనే ఘోరం: బరువంతా ఉన్న లోపలి అంచునే అడ్డంగా ఈడ్చుకుపోతుంది. కొద్ది వేల కిలోమీటర్లలో లోపలి అంచు తీగలు తేలిన టైరుని చూస్తే ముందు ఈ జోడీనే అనుమానించాలి.

అన్ని కోణాలూ తిన్నగా పోతున్నప్పుడు సరిగ్గానే ఉండి, మలుపులో మాత్రమే చెడటం కూడా ఉంది. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటిది పెద్ద వృత్తం మీద తిరగాలి కాబట్టి రెండూ వేర్వేరు కోణాల్లో తిరిగేలా, చక్రాల్ని తిప్పే స్టీరింగ్ చేతుల్ని (ఆర్మ్‌ల్ని) అమరుస్తారు. దీన్ని అకర్‌మన్ అమరిక అంటారు. 1818లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న రుడాల్ఫ్ అకర్‌మన్ పేరు దానికి నిలిచిపోయింది గానీ, ఆలోచన మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్‌ది. పేవ్‌మెంట్ అంచుని బలంగా గుద్దాక స్టీరింగ్ చేయి వంగితే, తిన్నగా నిలబెట్టి టో సరిచేసినా మలుపుల్లో టైరు కీచుమంటూనే ఉంటుంది.

చుట్టూ గుంటలు పడితే

వెడల్పు మీద సమంగా ఉండి, చుట్టూ తిప్పితే ఎత్తుపల్లాలు తగులుతుంటే అది కోణాల పని కాదు, చక్రం ఎగరడం. షాక్ అబ్జార్బర్ సత్తువ పోతే టైరు నేలని వదిలి పట్టుకుని, వదిలి పట్టుకుని తిరుగుతుంది. పడిన చోటల్లా గుంట. బ్యాలెన్స్ తప్పిన చక్రం, వదులైన బేరింగ్ కూడా ఇదే పని చేస్తాయి. బంపర్‌ని నొక్కి వదిలి బండి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పాత పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన షాక్‌నే పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. షాక్ ఒంటి మీద నూనె కారిన తడి, ఎగుడుదిగుళ్ళ మీద వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించడం ఇంకా నమ్మదగ్గ సూచనలు.

గుంటలు పడిన టైరు 'ఊఁ' అని మోత పెడుతుంది, దాన్ని విని బేరింగ్ మార్చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. రోడ్డు మారినప్పుడు, అంటే గరుకు తారు నుంచి నున్నటి తారు మీదికి వచ్చినప్పుడు మోత మారితే టైరు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపినప్పుడు, బరువు ఒక పక్కకి మారేసరికి మోత పెరిగి తగ్గితే బేరింగ్.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్ల వెనక టైర్లలో ఒక్కో ట్రెడ్ దిమ్మ ముందు అంచు ఎత్తుగా, వెనక అంచు పల్లంగా అరగడం సర్వసాధారణం. రొటేషన్ మరిచిపోయిన బండ్లలో ఇది తప్పక కనిపిస్తుంది. వెనక టో కూడా తప్పితే ఐమూలగా మచ్చలు పడతాయి. ఒకే ఒక్క చోట నున్నటి మచ్చ ఉంటే, అది ఎప్పుడో చక్రం బిగుసుకుపోయేలా వేసిన బ్రేకు గుర్తు.

బండి లాగుతోందంటే అర్థం ఏమిటి

స్టీరింగ్ వంకరగా ఉండటం, బండి ఒక పక్కకి లాగడం, స్టీరింగ్ వణకడం అనే మూడింటినీ కలిపి "అలైన్‌మెంట్ పోయింది" అనేస్తాం. మూడూ వేరు. గంటకి 80, 100 కిలోమీటర్ల మధ్య మొదలయ్యే వణుకు ఎక్కువగా బ్యాలెన్సింగ్‌ది, లేదా వంగిన రిమ్ముది. దానికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ.

స్టీరింగ్ వంకరగా ఉన్నా వదిలేస్తే బండి తిన్నగానే పోతుంటే, టో పంపకం కుదరలేదు లేదా వెనక చక్రాలు పక్కకి చూస్తున్నాయి. వెనక చక్రాలు రెండూ కలిసి కుడికి చూస్తున్నాయనుకోండి: బండి వెనక భాగం కుడికి జరుగుతూ ముక్కు ఎడమకి తిరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి డ్రైవరు స్టీరింగ్‌ని కొంచెం కుడికి తిప్పి పట్టుకోవాలి. బండి ఎండ్రకాయలా ఐమూలగా నడుస్తుంది. థ్రస్ట్ యాంగిల్ అనేది ఇదే. ముందు చక్రాలు మాత్రమే చూసే అలైన్‌మెంట్‌కి ఇది ఎప్పటికీ దొరకదు కాబట్టి నాలుగు చక్రాలూ కొలిచేవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, వెనక చక్రాల్లో మార్చడానికి ఏమీ లేని బండి అయినా సరే.

నిజంగా లాగుతుంటే ముందు రోడ్డుని అనుమానించండి. వాన నీరు పోవడానికి రోడ్లని అంచు వైపు వాలుగా వేస్తారు. స్టీరింగ్ వదిలితే బండి నెమ్మదిగా ఆ వాలుకి జారడం లోపం కాదు. అది కాదని తేలాక టైర్లు. టైరు లోపలి బెల్టులు కొద్దిగా పక్కకి కూర్చున్నా, కొత్త టైరైనా సరే, శంకువులా ఒక పక్కకి దొర్లుతుంది. ముందు టైర్లు రెండింటినీ కుడి ఎడమలు మార్చి నడపండి. లాగే దిశ మారితే టైరుదే తప్పు, మారకపోతే బండిది. ఒకే దిశలో తిరగాలని గోడ మీద బాణం గుర్తున్న టైర్లని ఇలా మార్చకూడదు. వాటికి అదే పక్కన ముందుదీ వెనకదీ మార్చి చూడాలి. బండిదే అని తేలితే, క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న పక్కకి, క్యాస్టర్ తక్కువగా ఉన్న పక్కకి లాగుతుందని సూత్రం. బ్రేకు వేసినప్పుడే లాగితే బ్రేకులు, లేదా తర్వాత చెప్పబోయే బుష్‌లు.

పచ్చగా ఉన్న కాగితం, అరుగుతున్న టైరు

అలైన్‌మెంట్ ర్యాంప్ మీద బండి కదలదు. ఇంజిన్ చక్రాల్ని లాగదు, బ్రేకు వెనక్కి తోయదు, గుంతలు తగలవు. రోడ్డు మీద ఇవన్నీ ఉంటాయి. సస్పెన్షన్‌లో చక్రాన్ని పట్టి ఉంచే ప్రతి కీలు దగ్గరా రబ్బరు బుష్ గానీ బాల్ జాయింట్ గానీ ఉంటుంది. చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వెనక బుష్ చిరిగిందనుకోండి. నిలబెట్టి కొలిస్తే రీడింగ్ సరిగ్గా వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ తోయడం లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ మాత్రం తన చోటే ఉంటుంది కాబట్టి టో మారిపోతుంది. ఊళ్ళో నడిచే బండికి బ్రేకు రోజుకి ఎన్ని వందల సార్లు పడుతుందో ఆలోచిస్తే, టైరు ఎందుకు అరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు. పచ్చ కాగితం తెచ్చిన మూడు నాలుగు వేల కిలోమీటర్లకే అదే అంచు మళ్ళీ అరిగితే, ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించడం కంటే బుష్‌లు చూపించడం తెలివైన పని.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, బండిని స్టాండ్ మీద భద్రంగా నిలిపాక, చక్రాన్ని పక్కల, అంటే గడియారంలో 9, 3 అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. టక్కుమని ఆడితే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ రాక్‌లో ప్లే, అంటే వదులు, ఉంది. పైనా కిందా, 12, 6 దగ్గర పట్టుకున్నప్పుడు ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి: ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. బుష్‌లు ఇలా చేతికి దొరకవు. లిఫ్ట్ మీద లేపి ఇనప కడ్డీతో ఎత్తి చూడాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి ఎప్పుడూ దూరకండి.

స్ప్రింగ్‌లు కుంగిపోవడం కూడా ఇదే కోవలోది. బండి కిందికి దిగితే క్యాంబర్, టో రెండూ మారతాయి. అందుకే రోజూ డిక్కీ నిండా బరువు మోసే బండిని ఖాళీ చేసి అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే, కొలిచింది ఒక బండిని, నడిపేది ఇంకో బండిని అవుతుంది. కొందరు తయారీదారులు కొలిచేటప్పుడు సీట్లలో ఎంత బరువు పెట్టాలో కూడా నిర్దేశిస్తారు.

కాగితం చదవడం

మొదట అడగాల్సింది సరిచేయకముందు రీడింగ్. కొన్నిచోట్ల నేరుగా సరిచేసి చివరి అంకెలు మాత్రమే ఇస్తారు. తప్పు ఎంత ఉందో తెలియకపోతే టైరు అరుగుదలకి అదే కారణమో కాదో ఎలా తెలుస్తుంది? ముందు రీడింగ్‌లో అంతా సరిగ్గానే ఉందంటే అదీ విలువైన సమాచారమే. కారణం ఇంకెక్కడో ఉంది.

తర్వాత అంకెల రకం చూసుకోవాలి. కొన్ని మెషీన్లు డిగ్రీలని దశాంశాల్లో, కొన్ని డిగ్రీలు నిమిషాల్లో చూపిస్తాయి. డిగ్రీకి 60 నిమిషాలు. 0.10 డిగ్రీ అంటే 6 నిమిషాలే. 10 నిమిషాలు అంటే దాదాపు 0.17 డిగ్రీ. టోలో ఆ మాత్రం తేడా చిన్నది కాదని పైన లెక్కలో చూశాం.

పచ్చ రంగు అంటే తయారీదారు ఇచ్చిన హద్దుల్లో ఉందని మాత్రమే. ఎడమ క్యాంబర్ మైనస్ 1.2, కుడి క్యాంబర్ మైనస్ 0.2 ఉన్నాయనుకోండి. హద్దులు విశాలంగా ఉంటే రెండూ పచ్చగానే ఉంటాయి, కానీ వాటి మధ్య పూర్తి డిగ్రీ తేడా ఉంది. బండి కుడికి లాగుతుంది, ఎడమ టైరు లోపలి అంచు ముందు పోతుంది. కుడి ఎడమల మధ్య తేడా అర డిగ్రీ దాటితే నేనైతే పచ్చ రంగుని లెక్కచేయను.

క్యాంబర్ ఎర్రగా ఉందని చూపించి "ఈ బండిలో అది అడ్జస్ట్ అవ్వదు సార్" అనడం మామూలే. చాలా కార్లలో ముందు చక్రాలకి మార్చగలిగేది టో ఒక్కటే, కాబట్టి ఆ మాట నిజమే కావచ్చు. కానీ మార్చే వీలు లేని కోణం దానంతట అది మారదు కదా! ఏదో వంగింది, అరిగింది, జరిగింది. ఒక పక్క క్యాంబర్ ఎంత నెగటివ్ వైపు పోయిందో రెండో పక్క అంతే పాజిటివ్ వైపు పోయి ఉంటే, ఇంజిన్ కింది సబ్‌ఫ్రేమ్ పక్కకి జరిగి ఉంటుంది. వదులు చేసి మధ్యకి తెచ్చి బిగిస్తే రెండూ ఒకేసారి కుదురుతాయి. ఒక పక్కే చెడితే స్టీరింగ్ ఇరుసు వాలుని, అంటే ఎస్ఏఐ అంకెని, రెండు పక్కలా పోల్చమని అడగండి. అది రెండు వైపులా సమంగా ఉండి క్యాంబర్ మాత్రమే తేడాగా ఉంటే స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే కడ్డీ) గానీ చక్రాన్ని మోసే నకిల్ గానీ వంగింది. క్యాంబర్ ఎంత మారిందో ఎస్ఏఐ అంతే ఎదురు దిశలో మారితే లోయర్ ఆర్మ్, అది బిగించిన చోటు, లేదా స్ట్రట్‌ని పైన బిగించిన చోటు. ఇది చూడకుండా క్యాంబర్ బోల్ట్ వేసి అంకెని పచ్చగా మార్చడం వంగిన ముక్కని దాచిపెట్టడమే.

పని జరిగే క్రమం కూడా గమనించవచ్చు. ముందు గాలి సరిచూడాలి, చక్రాలకి క్లాంపులు బిగించాక బండిని కొంచెం దొర్లించి రిమ్ము వంకరని లెక్కలోంచి తీసేయాలి, బండిని ఒకసారి నొక్కి సస్పెన్షన్ కుదురుకోనివ్వాలి. తర్వాత వెనక చక్రాలు, ఆపైన ముందు క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికంటే చివర టో. క్యాంబర్ మారిస్తే టో మారుతుంది కాబట్టి ఈ వరస తిరగబడకూడదు. టో సరిచేసేటప్పుడు స్టీరింగ్‌ని నిటారుగా కట్టి ఉంచాలి. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో చాలావాటికి చివర్లో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని మళ్ళీ సున్నాకి పెట్టాలి, లేకపోతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగవచ్చు.

ఇన్నీ సరిగ్గా చేశాక కూడా పాత టైరు మోత పోదు. అరిగిన ఆకారం అరిగినట్టే ఉంటుంది, అలైన్‌మెంట్ దాన్ని తిరిగి పూడ్చలేదు. లేతగా పడిన గరుకు కొన్ని వేల కిలోమీటర్లలో సర్దుకోవచ్చు గానీ, లోతైన గుంటలు టైరు ఉన్నంతకాలం ఉంటాయి. కాబట్టి మరమ్మతు ఫలించిందో లేదో చెవితో తేల్చకండి. పని అయిన రోజు ఓడోమీటర్ అంకె, నాలుగు టైర్ల మూడేసి లోతులు రాసిపెట్టుకుని, 2,000 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 5,000 తర్వాత ఇంకోసారి అవే చోట్ల గేజ్ పెట్టి చూడండి. లోపలి అంచుకీ మధ్య గాడికీ తేడా మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంటే పని కుదిరినట్టు. పెరుగుతుంటే, ఆ అంకెలున్న కాగితాన్నే పట్టుకుని బుష్‌ల దగ్గరికి వెళ్ళండి.